ఒకే మంచం, రెండు బరువులు: నేను లెక్క తప్పిన ఒక లేటెక్స్ పరుపు కేసు

పరుపుల తయారీ నా పని. కేరళ నుంచి లేటెక్స్ షీట్లు, అంటే రబ్బరు పాలతో చేసిన నురుగు షీట్లు, తెప్పించుకుని, మంచం కొలతకు కోసి, పొరలు పేర్చి, కవరు కుట్టించి అమ్ముతాను. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా ఒకే ఇంటికి నన్ను పదేపదే తిప్పిన కేసు ఇది. ఆ దంపతులు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. బరువులు, కొలతలు, పొరల లెక్క మాత్రం నా పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

కోస్తాలో ఒక పట్టణం. ఇంట్లో భార్యాభర్తలు, ఆరేళ్ల పిల్లవాడు, భర్త తల్లి. భర్తది భారీ శరీరం, వెల్లకిలా పడుకునే అలవాటు. భార్య సన్నగా ఉంటారు, రాత్రంతా పక్కకు తిరిగే పడుకుంటారు. అప్పటిదాకా వాళ్లు వాడింది ఆరంగుళాల కాయిర్ పరుపు. కొబ్బరి పీచు అణిగిపోయి భర్త వైపు గుంట పడింది. ఆయనకు నడుము నొప్పి మొదలైతే అందరూ చెప్పిన మాట ఒకటే: గట్టి పరుపు మీద పడుకో.

దుకాణానికి వచ్చినప్పుడు ఇద్దరూ అందరూ చేసే పనే చేశారు. ఆయన అరచేత్తో పరుపును నొక్కి చూశారు, ఆమె అంచున కూర్చుని లేచారు. అరచేతికి తెలిసేది పై అంగుళం సంగతి మాత్రమే. అంచున కూర్చుంటే మనిషి బరువంతా ఒక్కచోట పడుతుంది కాబట్టి అదీ పడుకున్నప్పటి సంగతి చెప్పదు. బరువు అడిగాను. "తొంభై ఉంటానేమో" అన్నారు ఆయన. పక్కన ఆమె చిన్నగా నవ్వారు. ఆ నవ్వును నేను పట్టించుకోవలసింది. తరువాత తూచితే తేలిన లెక్క 104 కిలోలు. ఆమె 52. సరిగ్గా సగం.

ఇక్కడ కొంచెం సరుకు గురించి చెప్పాలి. మా దగ్గర లేటెక్స్ గట్టితనాన్ని డెన్సిటీతో చెబుతాం, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్నది. రబ్బరు పాల నురుగును అచ్చులో పోసి వేడితో గట్టిపరిచే డన్‌లప్ పద్ధతిలో చేసిన షీటులో 65 అంటే మెత్తన, 75 మధ్యస్థం, 85, ఆపైన గట్టి. అసలు గట్టితనం కొలిచే పద్ధతి వేరు. 50 చదరపు అంగుళాల గుండ్రని పలకతో నొక్కి, షీటు మందంలో పాతిక శాతం అణగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చూస్తారు. డెన్సిటీ ఆ లెక్కకు దగ్గరి చుట్టం మాత్రమే. అదీ ఒకే పద్ధతిలో చేసిన సరుకుల మధ్యే పోలిక. అచ్చులో గాలి లాగి, గడ్డకట్టించి చేసే టలలే రకానికి ఈ అంకెలు వర్తించవు. ఇక 'మీడియం', 'ఫర్మ్' అని అంటించే చీటీల గురించి చెప్పేదేముంది? ఒక తయారీదారు మీడియం మరొకరి ఫర్మ్.

నేను ఇచ్చింది: 78 అంగుళాల పొడవు, 72 వెడల్పు, 8 మందం. కింద ఆరంగుళాలు 85 డెన్సిటీ, పైన రెండంగుళాలు 75. పొరలన్నీ జిగురుతో అంటించిన ఒకే దిమ్మ, దాదాపు అరవై కిలోల బరువు. నా లెక్క ఇది: నడుము నొప్పి ఆయనది, బరువు ఆయనది, అందుకే అడుగు గట్టిగా ఉండాలి. ఆమె కోసం పైన కాస్త మెత్తదనం. అప్పటికి తెలివైన సర్దుబాటే అనిపించింది.

సమస్య

మూడు వారాలకు ఆమె ఫోను చేశారు. కుడి భుజం నొప్పి, తెల్లవారుజామున చేయి తిమ్మిరి. తుంటి ఎముక దగ్గర నొక్కుకుపోతోంది. దీనికి తోడు ఇంకొకటి: "రాత్రంతా ఆయన వైపు దొర్లిపోతున్నానండీ. మంచం అంచు పట్టుకుని పడుకుంటున్నాను." భర్త నడుము మాత్రం హాయిగా ఉంది. కాబట్టి పరుపు మంచిదేనని ఆయన తీర్మానం. అత్తగారు ఒక సామెతతో వ్యవహారం ముగించారు: ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు.

చేయి తిమ్మిరి అన్నారు కాబట్టి ముందు వైద్యుడికి చూపించమన్నాను. ఇది మర్యాదకు అన్న మాట కాదు. మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకుపోయినా చేయి తిమ్మిరెక్కుతుంది. అప్పుడు నేను ఎన్ని పొరలు మార్చినా వృథా, పైగా అసలు జబ్బుకు చికిత్స ఆలస్యమవుతుంది. ఎముకల వైద్యుడు చూసి భుజంలో, మెడలో లోపమేమీ లేదని, పడక సరిచూసుకోమని చెప్పాక మళ్లీ నా వంతు వచ్చింది.

ఇంటికి వెళ్లి నేను చూసిన మొదటి విషయం ఆమె వీపు. పక్కకు పడుకున్నప్పుడు వెన్నెముక నేలకు సమాంతరంగా ఉండాలి. ఆమె చొక్కా మీద మెడ నుంచి నడుము వరకు వెన్ను వెంట అయిదు రంగు చుక్కలు అంటించుకోమని, భర్తతో ఫోటో తీయించాను. చుక్కలు వంకరగా ఉన్నాయి. భుజం పరుపులోకి దిగలేదు. తుంటి కూడా దిగలేదు. రెండింటి మధ్య నడుము కింద నా చేయి దూరేంత ఖాళీ. అంటే ఆమె శరీరం రెండే రెండు చోట్ల ఆనుకుని ఉంది, మొత్తం బరువు ఆ రెండు ఎముకల మీదే. ఆయనకు పరుపైనది ఆమెకు పలక.

తరువాత, మంచం తల నుంచి కాలి వరకు దారం బిగించి, దాని పక్కన ఒక్కొక్కరినీ పడుకోబెట్టి ఎవరు ఎంత దిగుతున్నారో స్కేలుతో కొలిచాను. దారం నుంచి తుంటి పక్కన పరుపు లోతు: ఆయనకు రెండున్నర అంగుళాలు, ఆమెకు ముప్పావు అంగుళం. ఆమె బరువు పై పొరను కూడా పూర్తిగా వాడుకోవడం లేదు. ఆయన పై పొరను దాటి అడుగు పొర మీద ఆగుతున్నారు. ఒకే దిమ్మ మీద ఇద్దరూ పడుకుంటున్నారన్న మాటే గానీ, నిజానికి ఇద్దరూ వాడుతున్నవి రెండు వేరు పరుపులు.

చేసి చూసినవి

ఇంత తెలిసీ మొదట తేలిక దారే పట్టాను. మంచమంతా పరచుకునేలా రెండంగుళాల 65 డెన్సిటీ పొర ఇచ్చాను. ఖర్చు తక్కువ, పాత దిమ్మను కదిలించక్కరలేదు. ఆమెకు మెత్తదనం దొరుకుతుంది, ఆయన దాన్ని దాటి కిందికే వెళ్తారు కాబట్టి ఆయనకు తేడా ఉండదనుకున్నాను.

తప్పు. మెత్తని పొర ఆయన కింద మాయమైపోలేదు. వెల్లకిలా పడుకున్నప్పుడు మనిషిలో బరువైన భాగం తుంటి. అది ఎక్కువగా, వీపు తక్కువగా దిగి శరీరం ఊయలలా వంగింది. పది రోజుల్లో ఆయన నడుము నొప్పి తిరిగి వచ్చింది. ఆమె భుజం కొంత తేలికపడింది గానీ మెడ పట్టేసింది. దానికి కారణం కనుక్కోవడానికి నాకు ఒక పూట పట్టింది. భుజం లోపలికి దిగితే తలకూ పరుపుకూ మధ్య దూరం తగ్గుతుంది, పాత దిండు ఎత్తైపోతుంది. పరుపు మార్చినప్పుడల్లా దిండునూ మళ్లీ చూడాలన్నది నాకు తెలియనిది కాదు, ఆ రోజు మరిచిపోయాను. దొర్లడం మాత్రం మునుపటికంటే పెరిగింది.

అప్పుడు ఆ మెత్తని పొరను నిలువునా సగానికి కోసి ఆమె వైపు మాత్రమే వేశాను. ఇది పరిష్కారం కాదని వాళ్లకు ముందే చెప్పాను. రెండంగుళాల మెట్టు ఉన్న మంచం మీద ఏ దుప్పటీ నిలవదు. కానీ నాకు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి: ఆయనను ఆయన గట్టి పరుపు మీదే ఉంచి, ఆమె కిందిది మాత్రం మారిస్తే ఇద్దరి నొప్పులూ తగ్గుతాయా? వారం చాలు. తగ్గాయి. ఆయన నడుము మళ్లీ కుదుటపడింది, ఆమె చేయి తిమ్మిరి పోయింది. అంటే గట్టితనం విషయంలో దారి తెలిసింది.

దొర్లడం మాత్రం ఆగలేదు. ఆమె ఇప్పుడు రెండంగుళాల ఎత్తు నుంచి దొర్లుతున్నారు, అంతే తేడా.

ఇదే నన్ను ఆపింది. ఆమె పరుపు మెత్తగా మారితే ఆమె శరీరం అందులో కూరుకుపోవాలి, దొర్లడం తగ్గాలి. తగ్గలేదంటే వాలు పరుపులో లేదు. ఈసారి దిమ్మను నలుగురం కలిసి లేపి గోడకు ఆనించాం. కింద ఉన్నది సామాను పెట్టుకునే పెట్టె మంచం. ఆరడుగుల వెడల్పుకు రెండు ప్లైవుడ్ మూతలు, రెండూ మధ్యలో ఒక సన్నని దూలం మీద ఆనుకుని ఉన్నాయి. అడ్డంగా దారం కట్టి చూస్తే మధ్యలో వేలు మందం పల్లం. భర్తను ఒక పక్క కూర్చోమంటే అది రెండు వేళ్లైంది. దూలం కింద ఆధారమే లేదు. రాత్రి ఆయన పడుకోగానే మంచం మధ్య కుంగుతోంది. ఆయన తన బరువుతో దిగి స్థిరపడతారు, బరువు తక్కువున్న మనిషి వాలు వెంట జారుతుంది. ఇన్నాళ్లూ నేను పరుపును కోస్తూ కూర్చున్నాను, పల్లం మంచంలో ఉంది. మొదటి రోజు పరుపు వేయడానికి మా కుర్రవాళ్లను పంపి ఊరుకోకుండా నేనే వెళ్లి ఉంటే, పది నిమిషాల్లో తేలిపోయే సంగతి.

ప్లైవుడ్ మీద నల్లని బూజు మచ్చలు కూడా కనిపించాయి. లేటెక్స్‌కు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి దానికి గాలి ఆడుతుంది, కానీ కింద చెక్క మూసేసి ఉంటే కోస్తా ఉక్కపోతలో చెమ్మ అక్కడే నిలుస్తుంది. వడ్రంగిని పిలిపించి దూలం కింద రెండు చోట్ల దిమ్మెలు నిలబెట్టించి, మూతలకు వరుసగా రంధ్రాలు వేయించాం. ఆ రాత్రి నుంచి దొర్లడం చాలావరకు తగ్గింది. పూర్తిగా కాదు. ఇద్దరి దిగుడులో తేడా ఇంకా ఉంది కదా.

కుదిరినది

ఇక్కడ నా ఆలోచన తిరగబడింది. అంతకుముందు ఇద్దరికీ సరిపడే గట్టితనం ఎంత అని వెతికాను. వెతకవలసింది సమానమైన దిగుడు. ఆయన రెండున్నర అంగుళాలు దిగి హాయిగా ఉంటే, ఆమెను రెండంగుళాల దగ్గరకు తేవాలి. అప్పుడు వెన్ను నిటారుగా ఉంటుంది, ఇద్దరూ దాదాపు ఒకే మట్టంలో ఉంటారు, మధ్యలో వాలు ఉండదు. 75 మొత్తం వేసి మధ్యేమార్గం పట్టవచ్చు కదా అని భర్త అడిగారు. 104 కిలోలకు 75 చాలా లోతుకు దిగుతుంది, 52 కిలోలకు అదీ ఇంకా గట్టిగానే అనిపిస్తుంది. మధ్యలో ఉండే అంకె మధ్యలో ఉండే మనిషికి పనికొస్తుంది. ఈ మంచం మీద మధ్యలో పడుకునేది ఆరేళ్ల పిల్లవాడు, వాడికి ఏదైనా ఒకటే.

కాబట్టి రెండుగా విడదీయాలి. మాట ఎత్తగానే అత్తగారు మండిపడ్డారు: కాపురం చేసుకునే మంచాన్ని రెండు ముక్కలు చేస్తారా అని. నవ్వి తీసిపారేయడానికి లేదు. ఆ అభ్యంతరం చాలా ఇళ్లలో వింటాను. జర్మనీలో జంట మంచం మీద రెండు వేరు పరుపులు వేసుకోవడం మామూలే అని చెబితే ఆమెకు ఏం ఊరట? పైన ఒకే కవరు, ఒకే దుప్పటి, చూపుకు ఒకే పరుపు, ముక్కలు లోపల మాత్రమే ఉంటాయని చెప్పాను. దానికి ఒప్పుకున్నారు.

ఆయనకు కొత్తది అక్కరలేదు. పాత దిమ్మలో ఆయన సగం ఆయనకు సరిగ్గా ఉంది. నిలువునా కోసి దాన్నే ఉంచాను. ఆమె వైపు 36 అంగుళాల వెడల్పున కొత్త పొరలు: అడుగున నాలుగంగుళాలు 85, మధ్య రెండంగుళాలు 75, పైన రెండంగుళాలు 65. అడుగున గట్టిది ఎందుకని ఆమె అడిగారు. ఆమె బరువు అంత లోతుకు వెళ్లదు, అక్కడ మెత్తది వేసినా ఆమెకు తెలియదు. గట్టిది వేస్తే ఆ సగం అంచు ఆయన సగం అంచుతో సమానంగా నిలబడుతుంది, అతుకు దగ్గర ఒకటి నొక్కుకుని పల్లం పడదు.

ఈసారి జిగురు ముట్టుకోలేదు. పొరలను పేర్చి జిప్పు కవరులో పెట్టాను. లేటెక్స్ ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, బిగుతైన కవరులో పొరలు జారవు. ఇదెంత మంచిదైందంటే, మొదటి రాత్రి తరువాత ఆమె భుజం బాగుంది, తుంటి ఇంకా కొద్దిగా నొక్కుకుంటోంది అన్నారు. ముందు మధ్య పొరను 75 నుంచి 65కు మార్చి చూశాను. తుంటి బాగా దిగిపోయి ఫోటోలో చుక్కలు అటువైపు వంగాయి. మళ్లీ 75 పెట్టి, ఈసారి దాన్ని తిరగేసి పెట్టాను. డన్‌లప్ పద్ధతిలో రబ్బరు పాలు అచ్చులో గట్టిపడేలోపు బరువైన కణాలు కిందికి దిగుతాయి, అందుకే షీటుకు ఒక ముఖం రెండోదానికన్నా కొంచెం గట్టిగా ఉంటుంది. మొదటిసారి నేను గట్టి ముఖం పైకి పెట్టాను. మెత్తని ముఖం పైకి తిప్పితే వచ్చిన తేడా చిన్నదే, కానీ ఆమెకు కావలసింది అంతే. రెండు మార్పులకూ కలిపి అరగంట పట్టింది. జిగురు వేసి ఉంటే రెండుసార్లు కొత్త పరుపు చేయాల్సివచ్చేది.

కొత్త కొలత: ఆయన రెండున్నర, ఆమె రెండంగుళాలకు కాస్త తక్కువ. ఆమె దిండులోంచి రెండు గుప్పిళ్ల దూది తీయించాను.

మధ్య అతుకు గురించి కొంత తర్జనభర్జన పడ్డాను. రెండు సగాల మీదా అంగుళం మందం పొర ఒకటి పరిస్తే అతుకు అసలు తెలియదు. చాలామంది అలాగే చేస్తారు. నేను వేయలేదు. అడ్డంగా పరచిన ఒకే పొర ఒకవైపు దిగితే రెండోవైపునూ లాగుతుంది, ఎంతో తిప్పలుపడి విడదీసిన ఇద్దరినీ మళ్లీ ఒకే గుడ్డకు కట్టినట్టవుతుంది. పైగా ఆమె 65 పొరకూ ఆమె భుజానికీ మధ్య ఇంకొకటి అడ్డం వస్తుంది. బదులుగా దూది కూర్చి కుట్టిన కవరును వెడల్పులో అరంగుళం తక్కువ కుట్టించాను. రెండు సగాలూ ఒకదానికొకటి ఒత్తుకుని నిలుస్తాయి. పిల్లవాడు అతుకు మీదే పడుకుంటాడు. ఇప్పటివరకు ఫిర్యాదు లేదు.

మరో సౌకర్యం నేను ఊహించనిది. అరవై కిలోల దిమ్మను ఇద్దరు కదిలించలేరు. సగం చేస్తే ముప్పై. ఇప్పుడు రెండు నెలలకోసారి వాళ్లే లేపి కింద ఆరబెడుతున్నారు.

నేను మార్చుకున్నవి

దుకాణంలో తూకం యంత్రం లోపలి గదిలో పెట్టాను. ఒక్కొక్కరినీ విడిగా తూచి అంకె నా పుస్తకంలోనే రాస్తాను. భర్త ముందు భార్య గానీ, భార్య ముందు భర్త గానీ నిజం బరువు చెప్పడం అరుదు. దానికి వాళ్లను తప్పుపట్టను. ఇద్దరి మధ్య తేడా పాతిక కిలోలు దాటితే ఒకే దిమ్మ అమ్మడానికి ఇప్పుడు నా మనసు ఒప్పుకోదు. అది నా అనుభవంతో గీసుకున్న గీత, శాస్త్రం కాదు. ఇద్దరూ వెల్లకిలా పడుకునేవారైతే ఆ గీతను కొంచెం జరుపుతాను, తేలికగా ఉన్నవారు పక్కకు పడుకునేవారైతే అసలు జరపను. పడుకునే తీరు బరువంత ముఖ్యమని ఆమె భుజం నేర్పింది.

దుకాణంలో చూసేటప్పుడు తమ దిండు తెచ్చుకోమంటాను. ఇద్దరూ కలిసి, రోజూ పడుకునే తీరులో, కనీసం పావుగంట పడుకోవాలి. సిగ్గుపడతారు. అటు తిరిగి లెక్కలు రాసుకుంటూ ఉంటాను.

మొదటి నెల ఏ పరుపుకూ జిగురు వేయను. మంచం చూడకుండా పరుపు పంపను. దూరమైతే అడ్డంగా దారం కట్టి, ఒకరిని కూర్చోబెట్టి ఫోటో పంపమంటాను.

గట్టి పరుపే నడుముకు మంచిదన్న మాటను మాత్రం ఇప్పటికీ రోజూ వింటాను. స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాల నడుము నొప్పి ఉన్నవాళ్ల మీద చేసి 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరీక్షలో, తొంభై రోజుల తరువాత గట్టి పరుపు వాళ్లకన్నా మధ్యస్థ గట్టితనం వాళ్లే మెరుగ్గా ఉన్నారు. అది చెబితే కొందరు వింటారు. వినని వాళ్లకు రంగు చుక్కల ఫోటో చూపిస్తాను, అది బాగా పనిచేస్తుంది.

ఆమె వైపు నుంచి కోసిన పాత సగం మిగిలింది కదా, వాడిన లేటెక్స్‌ను నేను తిరిగి అమ్మలేను. అత్తగారి ఒంటి మంచానికి 36 అంగుళాల వెడల్పు సరిగ్గా సరిపోతుందని దానికి చిన్న కవరు కుట్టించి ఇచ్చాను. రెండు వారాలు గడిచాక ఆవిడ స్వయంగా ఫోను చేశారు. "నిద్ర సుఖమెరుగదు అన్నమాట నిజమే గానీ బాబూ, ఈ ముక్క మరీ గట్టిగా ఉంది. నా తుంటి నొక్కుకుపోతోంది."

ఆవిడ బరువు 46 కిలోలు, పక్కకు తిరిగే పడుకుంటారు. కోడలి మంచం మీద పరీక్షకు వాడి తీసేసిన సగం మెత్తని పొర ఇంకా ఇంట్లోనే చుట్టి ఉంది. అది పరవమన్నాను, దిండులోంచి ఒక గుప్పెడు దూది తీయమని కూడా చెప్పాను.